దక్షిణం దాచుకున్న చార్టు

నేను ఒక చార్టుని అని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు గాని, ఆ మాట వినగానే "ఓస్, గోడకు తగిలించే కాగితమా" అని మీరు పెదవి విరుస్తారు చూడండి, దానికి మాత్రం ఒళ్ళు మండుతుంది. గోడకు తగిలించిన కాగితానికి ఎన్ని కష్టాలో మీకేం తెలుసు? కళ్ళు మూసుకోవడానికి లేదు, మొహం తిప్పుకోవడానికి లేదు, విసుగొచ్చి లేచిపోదామంటే అసలే లేదు. ఇప్పుడు నా సంగతి చూడండి. ముందూ వెనకా ప్లాస్టిక్కు, నాలుగు మూలలా నాలుగు మేకులు, నట్టనడి నెత్తి మీద నాది కాని మాట ఒకటి. ఆ మాట నా మీదికి ఎలా వచ్చి పడిందో ఎవరో ఒకరికి చెప్పుకోకపోతే నాకు ఊపిరాడదు. వినండి.

పుట్టుకకు నేను ప్రకాశం జిల్లా మెట్టపొలంలో సుబాబుల్ కర్రని. నన్ను నరికి, లారీకెత్తి, గోదావరి ఒడ్డున ఏదో మిల్లులో ఉడకబెట్టి, గుజ్జు చేసి, ఒత్తి, ఆరబెట్టి, లేత పసుపు రంగు పులిమారు. అన్నీ అయ్యాక ఎక్కడికి పంపారనుకున్నారు? మళ్ళీ ఒంగోలుకే! అంత దూరం ఈడ్చుకుపోయి, అంత హింస పెట్టి, బయలుదేరిన చోటికే తెచ్చి పడేయడం మనుషులకే చెల్లింది. ఒంగోలు పుస్తకాల షాపులో పదిమందిమి ఒక చుట్ట. నడుముకి రబ్బరు బ్యాండు. నేను చుట్టలో అందరికన్నా లోపలిదాన్ని. ఎండాకాలం, వానాకాలం, రెండూ ఆ చీకట్లోనే గడిపాను. ఎవరైనా వచ్చి నన్ను పరిచి, నా మీద ఒక్క గీత గీస్తే చాలు, జన్మ ధన్యమైపోతుందనుకునేదాన్ని. అమాయకత్వం!

నన్ను కొన్నది ఎస్తేరు టీచర్. తెల్లరాళ్ళపాలెం హైస్కూల్లో సోషల్ చెప్పే విద్యా వాలంటీరు. వాలంటీరంటే పర్మినెంటు ఉద్యోగం కాదు. ఏటా జూన్‌లో హెడ్మాస్టరు సిఫారసు చేస్తేనే మళ్ళీ తీసుకుంటారు. ఆరేళ్ళుగా ఆమె ప్రతి వేసవినీ గుండె చేత్తో పట్టుకునే గడుపుతోందని తర్వాత నాకు తెలిసింది. ముప్పై దాటిన మనిషి, సన్నగా, గబగబా నడుస్తుంది, ఇంకా గబగబా మాట్లాడుతుంది. పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఎక్కడలేని నిదానం వస్తుంది.

మండలంలో ప్రపంచ నాగరికతల ప్రదర్శన పెట్టారు. స్కూలుకో దేశం చీటీల్లో వస్తుంది, ఆ దేశపు పురాతన వస్తువు ఒకదాని మీద పిల్లలు సొంత చేతులతో చార్టు చేయాలి. అచ్చేసిన బొమ్మలు అంటిస్తే ఒప్పుకోరు. పిరమిడ్లు వచ్చిన స్కూలు వాళ్ళు ఎగిరి గంతేశారట. మా వాళ్ళకు చైనా వచ్చింది. చైనా గోడ గీస్తే ఇటుకలు గీయలేక చేతులు పడిపోతాయని ఆలోచించి, ఎస్తేరు టీచర్ ఒక గరిటెను పట్టుకొచ్చింది. నిజం గరిటె కాదు, గరిటె కథ.

రెండు వేల ఏళ్ళ కిందట చైనా వాళ్ళు అయస్కాంతపు రాయితో పొట్టి గరిటె ఒకటి చెక్కి, నున్నటి కంచు పలక మీద పెట్టి తిప్పేవాళ్ళట. అది తిరిగి తిరిగి ఆగేసరికి దాని కాడ దక్షిణం వైపు ఉండేదట. మనం దిక్సూచి అంటామే, దానికి ముత్తాత అన్నమాట. వాళ్ళు దాన్ని పిలుచుకున్న పేరు కూడా దక్షిణం చూపేదనే.

బొమ్మ గీసే పని తొమ్మిదో తరగతి మాలకొండమ్మకు, అక్షరాల పని హసీనాకు పడింది. మాలకొండమ్మ వాళ్ళ నాన్న గ్రానైటు క్వారీలో డ్రిల్లు పట్టుకుంటాడు. ఆ పిల్ల చేతిలోనూ ఆ పట్టు ఉంది. పెన్సిలు ఆనించిందంటే గీత వంకర పోయే ప్రశ్నే లేదు. మధ్యాహ్న భోజనం వండే బుజ్జమ్మ దగ్గర అన్నం గిన్నె మూత అడుక్కొచ్చి నా మీద బోర్లించి గుండ్రం గీసింది. అదే కంచు పలక. గరిటె నమూనాకు సాంబారు గరిటె తెచ్చుకుంది. టీచర్ పక్కన గొంతుక్కూర్చుని, "కాడ తగ్గించు, ఇంకా తగ్గించు" అంటుంటే చెరిపి గీసి, చెరిపి గీసి, నా ఒంటి మీద పొట్టు లేచిపోయింది. ఇంతా చేశాక బుజ్జమ్మ గరిటె కోసమొచ్చి బొమ్మ చూసి, "ఇదేం గరిటె తల్లా, దీంతో సాంబారు పోస్తే చెయ్యి కూడా గిన్నెలోకే పోద్ది" అనేసింది. ముగ్గురూ ఒకటే నవ్వు. నిజం చెప్పొద్దూ, నా జీవితంలో సుఖపడిన వారం అదొక్కటే.

అప్పుడొక చిన్న పేచీ వచ్చింది. ఆ అసలు గరిటె ఇంతవరకూ ఎక్కడా దొరకలేదనీ, పాత రాతలు చదివి ఈ కాలం వాళ్ళు చేసిన నమూనాలే ఉన్నాయనీ టీచర్ మాటల్లో చెప్పింది. మాలకొండ పెన్సిలు పక్కన పెట్టేసింది.

"అయితే ఆ ముక్క కూడా రాయాల టీచర్."

"చోటు లేదే తల్లీ. ఎవరడుగుతారులే."

"అడక్కపోతే మాత్రం? కింద నా పేరుంటది కదా. అసలుదే చూసి గీసినట్టు అనుకోరూ?"

హసీనా విసుక్కుంది. టీచర్ మాత్రం ఆ పిల్లని ఒకసారి తేరిపార చూసి, "రాయండి" అంది. నా కుడివైపు కింద మూలలో ఇరికించి ఇరికించి రాశారు. ఆ పిల్ల రకం ఏమిటో మీకు తెలియాలనే ఇది చెప్పాను. తన పేరు కింద చిన్న అబద్ధం ఉన్నా దానికి అన్నం సహించదు.

చివరికి నేను తయారయ్యాను. నెత్తిన ఎర్రటి అక్షరాల్లో "దక్షిణాన్ని చూపే గరిటె". పలక చుట్టూ టీచర్ ఫోనులో చూసి నేర్చుకున్న చైనా అక్షరాలు. కాడ చివర ఒక బాణం, దాని మీద తెలుగులో దక్షిణం, పక్కనే అదే మాటకు చైనా అక్షరం. దానికి తొమ్మిది గీతలు. మాలకొండ దాన్ని రఫ్ నోటులో రెండు పేజీలు దిద్దాకే నా మీద పెట్టింది.

హెడ్మాస్టరు రామబ్రహ్మం గారికి చూపించాలిగా. ఎస్తేరు టీచర్ నన్ను ఆఫీసు గదిలో ఆయన బల్ల మీద పరిచింది. మాలకొండను బయట ఉండమంది. ఆ గదికి నడుం ఎత్తున అరతలుపులు. బల్ల మీద పడుకున్న నాకు వాటి కింద నుంచి ఒక జత నీలం చెప్పులు కనిపిస్తున్నాయి. టీచర్ వీపు అటువైపు ఉంది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని నా నెత్తి మీద మాట చదివారు. మొహం మాడిపోయింది.

"ఏమ్మా ఎస్తేరు, ఏందిది? దక్షిణమేంది?"

"అది చూపించేది దక్షిణమే సార్. వాళ్ళు పెట్టుకున్న పేరే అది."

"వాళ్ళకు చెల్లుద్ది. స్కూలు పేరుతో బయటికి పోయే చార్టు మీద, నెత్తిన, ఇంతింత ఎర్రక్షరాలతో యముడి దిక్కు రాసుకుని పోతామా? శుభమా అని మొదటిసారి పోతా!"

"సార్, ఇది సైన్సే కదా..."

"సైన్సు నాకు చెప్పబాకమ్మా. ముప్పై ఏళ్ళు అయస్కాంతం పాఠం చెప్పినోణ్ణి." ఆయన నా మీదికి వంగి గరిటె గుంట మీద వేలు పెట్టారు. "కాడ అటు చూస్తుంటే తల ఎటు చూస్తా ఉండాది? ఉత్తరమేగా? మరి ఉత్తరాన్ని చూపే గరిటె అని రాస్తే అబద్ధమెట్టా అవుద్ది?"

చూశారా తెలివి! ఆ తెలివే ఆ గదినిండా పరుచుకుని ఉంది. దక్షిణపు కిటికీకి అడ్డంగా బీరువా, ఈశాన్యంలో నీళ్ళ బిందె, తూర్పుకి తిప్పిన కుర్చీ. నాకు నవ్వొచ్చింది. ఎస్తేరు టీచర్ పెదవుల మీద కూడా ఆ ఛాయ కనిపించిందో ఏమో, ఆయన గొంతు మారిపోయింది.

"మీకు ఈ పట్టింపులు లేవులేమ్మా. నవ్వుకో. దక్షిణం గుమ్మం ఇంట్లో చేరిన ఏడాదే మా ఆవిడకు పక్షవాతం వచ్చింది. ఇవాళ్టికీ పొద్దున్నే నేనే అన్నం తినిపించి వస్తా ఉండా. నవ్వినోళ్ళెవరూ వచ్చి తినిపించట్లా."

దాంతో నా నవ్వు కూడా చచ్చిపోయింది. దుర్మార్గుడైతే తిట్టుకుని ఊరుకుందును. భయపడ్డ మనిషిని ఏమని తిట్టను?

టీచర్ నోరు తెరవబోయింది. ఆయన అంతకన్నా మెల్లగా అన్నారు. "జూన్‌లో నీ కాగితం మీద సంతకం పెట్టాల్సింది నేనే. ఇంత చిన్నదానికి మనిద్దరికీ మాట తేడా రావడం నాకిష్టంలా."

అరతలుపుల కింద నీలం చెప్పులు ఒక్క అడుగు వెనక్కి వేశాయి.

బయటికొచ్చాక ఎస్తేరు టీచర్ పిల్లలతో, "పెద్దసార్ మంచి మార్పు చెప్పారు" అంది. వాళ్ళ మొహాలు చూడకుండా నా మొహం చూస్తూ అంది. ఆ చూపు నాకింకా గుర్తుంది. ఒక దారిలో సగం దూరం వచ్చాక ముందూ వెనకా గేట్లు పడ్డ మనిషి చూసే చూపు. హసీనా గయ్యిమంది, "అదేంది టీచర్, మరి నిన్నటిదాకా..." అంటూ. మాలకొండ దాని మోచెయ్యి గిల్లింది.

"అతికించు. మాట్లాడబాక."

"నువ్వేందే! అసలుది దొరకలేదని రాయాల్సిందేనని ప్రాణం తీసినదానివి!"

"అతికించమన్నానా లేదా."

తెల్లకాగితం ముక్క మీద హసీనా "ఉత్తరాన్ని" అని రాసింది. మైదా జిగురు రాసి, నా నెత్తిన దక్షిణం మీద దాన్ని పెట్టి, మాలకొండే అరచేత్తో గట్టిగా ఒత్తింది. కాడ చివర బాణం మీద ఇంకో ముక్క. జిగురు చల్లగా తగిలింది, తర్వాత ఆరి బిగుసుకుంది. నోట్లో గుడ్డ కుక్కినట్టే ఉంది నాకు. చైనా అక్షరం జోలికి మాత్రం ఎవరూ పోలేదు. పెద్దసార్‌కి అది బొమ్మలో ముగ్గులాగా కనిపించిందేమో. చైనా చదవడం వచ్చినవాడు ఎవడైనా వస్తే నా బతుకు బయటపడుతుంది, అయితే మా మండలంలో అలాంటివాడు ఒక్కడూ లేడు.

ప్రదర్శనలో నా ముందు నిలబడ్డ జడ్జి గారు కాలేజీ లెక్చరర్. వెనకాల రామబ్రహ్మం గారు చేతులు కట్టుకుని నిలుచున్నారు. ఆయన వెనక ఎస్తేరు టీచర్ కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"ఏ దిక్కు చూపిస్తుందమ్మా ఇది?" అన్నాడు లెక్చరర్.

చెప్పవే, చెప్పెయ్యవే అని నాలో నేను అరిచాను. మాలకొండ ఒకసారి టీచర్ వైపు చూసింది.

"ఉత్తరమండి."

"వెరీ గుడ్. కలరింగు బ్రహ్మాండంగా ఉంది." ఆయన పక్క స్కూలు పిరమిడ్ దగ్గరికి వెళ్ళిపోయాడు. మొదటి బహుమతి మాకే వచ్చింది. ఎందుకొచ్చిందంటే రంగులు బాగున్నాయి కాబట్టి. మనుషులు సత్యం కోసం ప్రదర్శనలు పెట్టి, మార్కులు మాత్రం రంగుకి వేస్తారు, ఏం చేస్తాం!

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో షీల్డు హసీనా ఒళ్ళో ఉంది. ఒకసారి పట్టుకోమంటే మాలకొండ పట్టుకోలేదు. వాంతి వచ్చేట్టుందని చెప్పి తల బయటికి పెట్టుకుంది.

ఆ తర్వాత రెండు వారాలు నా చోటు ఆఫీసు బీరువా. పాత ప్రశ్నపత్రాల కట్టకీ, జనాభా మ్యాపుకీ మధ్య నన్ను చుట్టి నిలబెట్టారు. తాళం పెద్దసార్ దగ్గర. పురుగుల మందు ఉండల వాసన, తుప్పు వాసన. షాపులో ఉన్నప్పుడు కనీసం ఎవరో వస్తారనే ఆశ ఉండేది. ఇప్పుడు ఎవరైనా బయటికి తీస్తే నా నెత్తిన అబద్ధమే చదువుతారు. రావాలని కోరుకోనా, రావద్దని కోరుకోనా? ఆ రెండు వారాలూ ఇదే యాతన.

ఒక్క ఆశ ఉండేది. మైదా జిగురు కదా, వానాకాలం చెమ్మకి ఎప్పుడో ఒకప్పుడు అంచు లేస్తుంది, ఊడి పడుతుంది. అప్పుడు చూద్దురు గాని అనుకున్నాను. ఆ ముచ్చట కూడా తీరనివ్వలేదు. బహుమతి వచ్చిన చార్టు పాడైపోకూడదని పెద్దసార్ నన్ను ఒంగోలు తీసుకెళ్ళి లామినేషన్ చేయించారు. వేడి రోలర్ల మధ్య నుంచి దూర్చి తీశారు. ముందూ వెనకా ప్లాస్టిక్కు అతుక్కుపోయింది. ఆయన ఎంతో ప్రేమగా చేయించారు సుమా, దారంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. ఇక ఆ ముక్క ఊడదు. నేను ఉన్నంతకాలం ఉంటుంది.

ఉత్తరపు గోడకు, ఆయన కుర్చీ పైన, మేకులు కొట్టారు. ఎదురుగా దక్షిణపు కిటికీ, దానికి అడ్డంగా నేను ఉండి వచ్చిన బీరువా. జైలు మారింది, అంతే.

మాలకొండ రోజూ పొద్దున తరగతి హాజరు పట్టీ పెట్టడానికి వచ్చేది. బల్ల మీద పెట్టి, నేల చూపులు చూస్తూ వెళ్ళిపోయేది. నన్ను గీసిన పిల్లే, ఒక్కసారీ తలెత్తి చూడలేదు. ఎస్తేరు టీచర్ అయితే సంతకానికి వచ్చినప్పుడు నాకు వీపు పెట్టి నిలుచునేది. ఒకరికొకరు ఏమీ చెప్పుకోలేదని నాకు తెలుస్తూనే ఉండేది. ఆ పిల్లకు అసలు సంగతి తెలుసని టీచర్‌కి తెలియదు. నాకు తెలుసు, చెప్పడానికి నోరు లేదు. ఇంతకన్నా నరకం ఉంటుందా చెప్పండి.

మార్చిలో ఊళ్ళోని ప్రాథమిక పాఠశాల నుంచి అయిదో తరగతి పిల్లలు హైస్కూలు చూడ్డానికి వచ్చారు, ఇరవై ముగ్గురు. వచ్చే ఏడు ఇక్కడే చేరతారు కదా, అందుకని. పెద్దసార్ వాళ్ళను ఆఫీసు గదిలోకే తీసుకొచ్చి నా ముందు నిలబెట్టారు. ఆయన వెనక్కి వెళ్ళి బీరువాకి ఆనుకున్నారు. ఎస్తేరు టీచర్ తలుపు దగ్గర ఉంది.

"మాలకొండమ్మా, నువ్వు చేసిన చార్టు కదా, నువ్వే చెప్పు వీళ్ళకి" అన్నారు. ఎంతో గర్వంగా అన్నారు.

ఆ పిల్ల నా పక్కకొచ్చి నిలబడింది. చైనా అంది, రెండు వేల ఏళ్ళంది, అయస్కాంతపు రాయంది. కంచు పలక గురించి చెప్పింది, గరిటె తిరగడం చేత్తో తిప్పి చూపించింది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. గరిటె ఆగింది. ఆ పిల్ల కూడా ఆగింది.

"ఆగినప్పుడు ఏ దిక్కు చూపిస్తదక్కా?" అంది ముందు వరసలో రెండు జడల పిల్ల.

మాలకొండ నోరు తెరిచింది. ఒకసారి అయితే చెప్పింది గాని, ఇంకోసారి చెప్పడం ఆమె వల్ల కాలేదు. చెవులు ఎర్రబడ్డాయి, చున్నీ కొస నలుపుతోంది. వెనక నుంచి పెద్దసార్, "చెప్పమ్మా, ఏ దిక్కు? పైన రాసే ఉందిగా!" అని అందించారు. ఆ పిల్ల కన్నీళ్ళు కూడా రానివ్వకుండా బిగబట్టుకుంది. అప్పుడు ఎస్తేరు టీచర్ గబగబా పిల్లల మధ్య నుంచి వచ్చి నా ముందు నిలబడింది.

"తప్పు రాశాం పిల్లలూ" అంది. "ఆ అతుకు చూశారా? దాని కింద దక్షిణం అని ఉంది. చైనా వాళ్ళ గరిటె చూపించేది దక్షిణం. తెలిసి కూడా నేనే తప్పు అతికించమన్నాను. ఈ అక్క తప్పేం లేదు. కింద ఈమె పేరు పెట్టి, పైన నా పిరికితనం రాయించాను." తర్వాత మాలకొండ వైపు తిరిగింది. "నన్ను క్షమించు తల్లీ."

"అట్టా అనబాకండి టీచర్," అంది మాలకొండ. "ఆ రోజు నేను తలుపు బయటే ఉండా. సార్ అన్నది ఇన్నా. మీ ఉద్యోగం పోద్దనే ఉత్తరమని చెప్పా."

ఎస్తేరు టీచర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. నాలుగు నెలలుగా ఆ చిన్న ప్రాణం తనని మోసుకు తిరుగుతోందని అప్పుడు తెలిసింది ఆమెకు.

ఆమె బీరువా వైపు చూడలేదు. పిల్లలతోనే, "దక్షిణం ఎటుందో చూపించండి" అంది.

ఇరవై ముగ్గురూ గిరుక్కున వెనక్కి తిరిగారు. ఇరవై మూడు వేళ్ళు లేచాయి. వేళ్ళన్నిటికీ ఎదురుగా బీరువాకి ఆనుకుని రామబ్రహ్మం గారు. ఆయన ఉలిక్కిపడి పక్కకు జరిగారు. వేళ్ళు ఆయన వెంట జరగలేదు, అక్కడే ఉన్నాయి.

"కరెక్టేనా సార్?" అంది రెండు జడల పిల్ల.

ఆయన ఆ పిల్లని చూశారు. ఎస్తేరు టీచర్‌ని చూశారు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి, పసిపిల్ల అడిగిన దానికి తప్పు చెప్పడం ఎలాగో ఆయనకీ తెలియలేదు. బీరువా వెనకున్న కిటికీ వైపు ఓరగా చూశారు, భయం నాకు స్పష్టంగా కనిపిస్తోంది.

"కరెక్టేనమ్మా," అన్నారు.

అప్పుడు ఏడ్చింది మాలకొండ. నా ప్లాస్టిక్కు అంచు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. టీచర్ దగ్గరికి తీసుకుంది. జూన్‌లో ఏమవుతుందో ఆ గదిలో ఎవరికీ తెలియదు, ఆ క్షణాన ఎవరూ అడగలేదు కూడా. చేతులు దించమని ఎవరూ చెప్పలేదు కాబట్టి పిల్లలు అలాగే చూపిస్తూ నిలబడ్డారు. నాకూ ఏదైనా చేయాలనిపించింది, కనీసం ఒక మూల లేపాలనిపించింది. ప్లాస్టిక్కు కదలనివ్వలేదు. ఆ గదిలో ఉన్నవాళ్ళందరూ ఒకవైపు, ఉత్తరం అంటూ నేనొక్కదాన్నే ఇంకోవైపు.